ముందుగా తలుపు తట్టాల్సిన వాళ్లు

డ్రెస్డెన్,
జర్మనీ, 1897 అక్టోబరు 4

ప్రియమైన పెద్దమ్మకు,

క్షేమంగా చేరాను. సముద్రం ఎంత అందంగా ఉందో మాత్రం అడగకు. ఓడలో ఉన్నన్నాళ్లూ నేను చూసింది వాంతులకిచ్చిన ఒక ఇత్తడి పళ్లేన్నే.

నోవాక్ గారని ఒక ముసలావిడ ఇంట్లో మూడో అంతస్తులో గది తీసుకున్నాను. ఇక్కడ దుప్పటి అనే వస్తువు లేదు. ఈకలు కుక్కిన పెద్ద దిండు ఒకటి ఇచ్చి కప్పుకోమన్నారు. కాళ్ల మీదికి లాగితే భుజాలకు చలి, భుజాల మీదికి లాగితే కాళ్లకు చలి. రాత్రంతా దానితో కుస్తీ పట్టి పొద్దున్నే సంగీతానికి వెళ్తున్నాను.

బోమె మాస్టారు నా పాట విన్నారు. గొంతు బాగుందట, తక్కినదేదీ బాగా లేదట. అసలు సంగతి తరవాత చెప్పారు. ఈ ఊళ్లో కొత్త గొంతును ముందు నాటకశాలలో వినరు, ఇళ్లలో వింటారు. శీతాకాలమంతా పెద్ద ఇళ్లలో పాటల సాయంత్రాలు ఉంటాయి. ఒక్క ఇంటి నుంచి పిలుపు వస్తే చాలు, అక్కడి నుంచి దారి దానంతటదే పడుతుంది. పిలుపు రాకపోతే ఎంత సాధన చేసినా గోడలు వినాల్సిందే.

నాన్న పెట్టిన షరతూ అదే కదా. ఈస్టర్ లోగా గౌరవమైన కుటుంబం ఒక్కటైనా నన్ను తమ ఇంటికి పిలవకపోతే, తిరిగొచ్చి మన బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించాలి. నువ్వు మధ్యలో పడి నా తరఫున మాట ఇచ్చావు. నీ మాట పోనివ్వను.

మొదటి పని చేసేశాను. గురువారం సాయంత్రాలు ఇంట్లో ఉంటానని నోవాక్ గారి చేత చీటీ రాయించి తలుపుకు అంటించాను. గుడ్లూ మీగడా దండిగా వేసిన కేకు తెప్పించాను. మా పక్క వాటాలో కెసెల్ గారని కర్నల్ భార్య ఉంటుంది, భర్త పోయారు. ఊళ్లో పేరున్న పాటల సాయంత్రాలు ఆవిడ ఇంట్లోనే. నిన్న మెట్ల మీద ఎదురుపడింది. ఏదో చెబుతానేమోనన్నట్టు ఆగి చూసింది. ఆవిడే ఏదో చెబుతుందేమోనని నేనూ ఆగి చూశాను. ఇద్దరం మర్యాదగా చూసుకుని ఎవరి దారిన వాళ్లం పోయాం.

గురువారం వస్తుందిలే.

నీ విన్నీ

ఆల్డర్ ఫాల్స్, వెర్మాంట్, అమెరికా
1897 అక్టోబరు 25

చిరంజీవి విన్నీకి,

నీ ఉత్తరం కుట్టుపని సంఘంలో పైకి చదివాను. ఇత్తడి పళ్లెం సంగతి వదిలేశాను. మిసెస్ కాబ్ నీ గొంతు గురించి విని కళ్లు తుడుచుకుంది. ఆవిడ దేనికైనా తుడుచుకుంటుందనుకో.

చీటీ అంటించి మంచి పని చేశావు. ఇంక కదలకు. ఊళ్లో ఉన్నవాళ్లు ముందు రావాలి, కొత్తగా వచ్చినవాళ్లు ఇంట్లో కూర్చోవాలి. అది ఎవరో రాసిపెట్టిన నియమం కాదు, పెంపకం. మీ అమ్మ పెళ్లయి ఈ ఊరు వచ్చినప్పుడు మూడో రోజుకల్లా వీధి వీధంతా ఆపిల్ కుక్కి కాల్చిన పై రొట్టెలు పట్టుకుని వచ్చింది. అమ్మ గడప దాటలేదు.

ఆ పెంపకం లేనివాళ్లు ఎలా ఉంటారో ఈ నెలలోనే కళ్లారా చూశాను. మన వాద్యాల కర్మాగారానికి జైడ్లర్ అనే ఆయన్ని జర్మనీ వైపు నుంచి రప్పించారు. వీధి చివరి పసుపు రంగు ఇంట్లో దిగారు. మూడో రోజు వెళ్దామని ఆపిల్ పై పొయ్యిలో పెట్టాను. అది కాలుతుండగానే తలుపు చప్పుడయింది. తీసి చూస్తే ఆయన భార్య. టోపీ, చేతి తొడుగులు, చేతిలో పేరు అచ్చు వేసిన కార్డు. ఇంటి కిటికీలకు ఇంకా తెరలు కూడా కట్టుకోలేదు, అప్పుడే ఊరి మీద పడింది.

కుర్చీ అంచున కూర్చుంది. తొడుగులు తీయలేదు. చలి గురించి ఒక మాట, మన చర్చి గంట గురించి ఒక మాట. బుధవారం మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉంటానని చెప్పింది. ఉండక ఎక్కడికి పోతుంది? లేచి వెళ్లిపోయింది. అక్కడి నుంచి మిసెస్ కాబ్ ఇంటికి, ఆ తరవాత పాస్టరు గారింటికి. వీధిలో ఒక్క గడప వదల్లేదు. ఎవరింట్లో ఏముందో చూసుకోవడానికి కాకపోతే ఎందుకంటావు?

పొయ్యిలో కాలిన పై రొట్టెను పాస్టరు గారికి పంపించాను.

మెడ వంచకుండా కూర్చో. ఉన్ని మేజోళ్లు వేసుకో.

నీ పెద్దమ్మ తబితా

డ్రెస్డెన్,
1897 నవంబరు 18

పెద్దమ్మా,

గురువారం రావడం వస్తోంది, మనుషులే రావడం లేదు.

ప్రతి వారం నీలం గౌను వేసుకుని, కేకు కోసి, కుర్చీలు సర్ది కూర్చుంటాను. చీకటి పడ్డాక నోవాక్ గారు వచ్చి, "అయ్యో, ఇవాళా ఎవరూ రాలేదా అమ్మాయీ?" అని సానుభూతిగా ఒక ముక్క తింటుంది. సానుభూతి ఎక్కువై రెండో ముక్కా తింటుంది. ఈమధ్య ఆవిడ నడుము పట్టీ బిగుతయింది. గురువారం ఆవిడకు పండగరోజు.

కెసెల్ గారి ఇంట్లో కిందటి శనివారం పాటల సాయంత్రం జరిగింది. నా గది గోడకు చెవి పెడితే స్పష్టంగా వినిపించింది. ఎవరో సన్నటి గొంతుతో పాడింది, పై స్వరం అందుకోలేక పక్కకు జారింది. ఆ స్వరం నాకు నిద్రలో కూడా అందుతుంది పెద్దమ్మా. గోడకు ఇటు పక్కన నిలబడి ఏడ్చాను. కోపంతోనే ఏడ్చాను అనుకో.

తోడుకోసం ఇక్కడి అమెరికా వాళ్ల దగ్గరికి వెళ్లాను. ఒక పెద్ద గుంపే ఉంది. నాయకురాలు ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన ప్రాట్ గారు. నా గోడు విని నా చెయ్యి తట్టింది. "తొమ్మిదేళ్లయింది తల్లీ నేనొచ్చి. మంగళవారాలు ఇంట్లోనే ఉంటాను. ఈ శాక్సనీ సీమలో ఒక్క మనిషికైనా నా గడప తొక్కే సంస్కారం లేకపోయింది. రాతిగుండెల జనం," అంది. పక్కనున్నావిడది సోమవారం. ఇంకొకావిడది శుక్రవారం. అందరూ వారానికో రోజు కేకు కోసి కూర్చుంటారు, ఎవరూ రాకపోతే ఆ కేకులు పట్టుకొచ్చి ఒకరికొకరు పెట్టుకుంటారు. ఈ ఊరివాళ్ల అహంకారం గురించి వాళ్లు చెప్పేది వింటే నేను అదృష్టవంతురాలిననిపించింది. నావి ఆరు వారాలే.

ఇంతమంది ఒకే మాట అంటున్నారంటే నిజమే కదా.

నీ విన్నీ

ఆల్డర్ ఫాల్స్,
1897 డిసెంబరు 9

చిరంజీవి విన్నీకి,

నీ ఉత్తరం చదివి ఒళ్లు మండిపోయింది. పిల్ల ఒంటరిగా దేశం కాని దేశంలో గది తీసుకుంటే, గోడ అవతల ఉన్న ఆడమనిషి ఒక్కసారి తొంగి చూడదా? ఆవిడ కర్నల్ భార్య అయితే అవనీ. కుక్కపిల్ల వచ్చినా పాలు పోసి పలకరిస్తాం కదా. అలాంటివాళ్ల తలుపు నువ్వు వెళ్లి తట్టావని విన్నానో, నీ మొహం చూడను. నీ చెయ్యి తట్టిన ప్రాట్ గారు బుద్ధిమంతురాలు. ఆవిడ మాట విను.

ఇక్కడ జైడ్లర్ భార్య సంగతి తేలిపోయింది. కుట్టుపనిలో మిసెస్ కాబ్ అంది, "తబితా, ఆవిడ వచ్చి వెళ్లింది కదా, మనం కూడా ఒకసారి వెళ్లొద్దా?" అని. "మనం వెళ్లేలోపల ఆవిడే వచ్చేసింది. ఇంక మనం వెళ్లి ఏం చెయ్యాలి, మా ఇంటికెందుకొచ్చావని అడగాలా?" అన్నాను. అందరూ నవ్వారు. నేను వెళ్లేదాకా ఈ వీధిలో ఎవరూ వెళ్లరని నీకు తెలుసు. నేను వెళ్లను.

ఆదివారం చర్చిలో నన్ను చూసి నవ్వింది. నేను తల ఊపాను. అంతకంటే తక్కువ ఊపితే ఊపనట్టే ఉంటుంది. ఆవిడ కడుపుతో ఉంది. కిటికీలో క్రిస్మస్ చెట్టు పెట్టి కొమ్మకో కొవ్వొత్తి వెలిగించింది. ఇల్లు తగలబడితే తెలుస్తుంది.

మేజోళ్లు పంపుతున్నాను. ఆకుపచ్చవి చర్చికి వేసుకో.

నీ పెద్దమ్మ తబితా

డ్రెస్డెన్,
1898 జనవరి 11

పెద్దమ్మా,

మేజోళ్లు అందాయి. రెండు జతలూ ఒకేసారి వేసుకుని తిరుగుతున్నాను.

ప్రాట్ గారి గుంపుతో ప్రాగ్ వెళ్లొచ్చాను. చూసిన విశేషాలు రాస్తాను. రైల్లో న్యూయార్క్ స్నానపు గదుల గురించి మాట్లాడుకున్నాం. అమెరికా వాళ్ల కోసమే నడిపే హోటల్లో దిగి, అక్కడి స్నానపు గదుల గురించి మాట్లాడుకున్నాం. కోట చూడటానికి వెళ్లి, గాలి ఎక్కువగా ఉందని మెట్ల దగ్గర నుంచే వచ్చేశాం. టీ పొడి ప్రాట్ గారు ఇంటి నుంచే తెచ్చుకుంది. తిరుగు రైల్లో అందరూ ఒప్పుకున్నారు, ఈ ఐరోపా జనంతో కలవడం చాలా కష్టమని. నాకు మొదటిసారి ఎందుకో చిరాకేసింది. మనం ఎవరిని కలవడానికి ప్రయత్నించామని అడగబోయి ఊరుకున్నాను.

నాన్న ఉత్తరం వచ్చింది. "పిలుపు వచ్చిందా?" అని మొదటి ముక్క. ఈస్టర్ తరవాతి ఓడలో నాకు చోటు చెప్పి ఉంచాడట. బోమె మాస్టారు కూడా పెదవి విరుస్తున్నారు. ఈస్టర్ ముందు ఉపవాసాల లెంట్ రోజులు వచ్చేస్తే ఇళ్లలో పాటలు ఆగిపోతాయట. ఇంకో నెల ఉంది, అంతే. ఈ మధ్య సాధన చేస్తుంటే సగంలో ఆగిపోతున్నాను, ఎవరి కోసం అనిపించి.

మీ జైడ్లర్ గారి కథ చదివి చాలా రోజుల తరవాత నవ్వాను. ఇల్లిల్లూ తిరిగి కుర్చీ అంచున కూర్చుందా? ఆ చొరవలో పదోవంతు ఇక్కడివాళ్లకు ఉంటే నా కేకు ఈ పాటికి అయిపోయేది.

నీ విన్నీ

ఆల్డర్ ఫాల్స్,
1898 ఫిబ్రవరి 7

చిరంజీవి విన్నీకి,

మీ నాన్నతో మళ్లీ పోట్లాడాను. ఈస్టర్ అంటే ఈస్టరే అంటాడు. చెక్క మొద్దుతో మాట్లాడినట్టుంది.

ఇక్కడ మంచు తుపాను. కంచె కూడా కనపడలేదు. ఆ తుపానులోనే జైడ్లర్ గారికి నొప్పులొచ్చాయి. భర్త పనిమీద బోస్టన్ వెళ్లి ఇరుక్కుపోయాడు. డాక్టరు బండి దారిలో ఆగిపోయి ఆలస్యమైంది. బట్టలు ఉతికే నోరా ఒక్కతే దగ్గరుందట. ఆడపిల్ల పుట్టింది. తల్లికి ప్రాణం మీదికొచ్చి తప్పిందని నోరా చెప్పింది.

"మనం వెళ్లి ఉండాల్సింది తబితా," అని మిసెస్ కాబ్ అంది. "కబురు పంపలేదుగా," అన్నాను. నిజమే కదా, పంపలేదు.

నీకు మాత్రం చెబుతున్నాను. మర్నాడు కోడి పులుసు కాచాను. గిన్నెకు గుడ్డ కట్టి, తొడుగులు వేసుకుని, వాళ్ల గేటు దాకా వెళ్లాను. అక్కడ నిలబడి ఆలోచించాను. ఆవిడ మర్యాద తప్పిందని చెప్పి వీధిని ఆపింది నేనే. ఇప్పుడు నేనే లోపలికి వెళ్తే ఇన్నాళ్లూ చేసినదానికి అర్థమేముంటుంది? వెనక్కి వచ్చి ఆ పులుసు నేనే తాగాను. ఉప్పు ఎక్కువైంది.

నువ్వు చలిలో గొంతుకు గుడ్డ చుట్టుకో.

నీ పెద్దమ్మ తబితా

డ్రెస్డెన్,
1898 ఫిబ్రవరి 25

పెద్దమ్మా, పెద్దమ్మా,

పాడాను. కెసెల్ గారి ఇంట్లో, కిందటి ఆదివారం, నిండిన గదిలో పాడాను. ఎలాగో వరసగా చెబుతాను.

మాస్టారి పని మీద లైప్‌జిగ్ బయల్దేరాను. రైలు పెట్టెలో ఎదురుగా ఎవరనుకున్నావు? కెసెల్ గారు. ఇద్దరం కిటికీ చూస్తూ కూర్చున్నాం. ఒక వంతెన దగ్గర మంచు పేరుకుపోయి బండి ఆగిపోయింది. చాలాసేపు కదల్లేదు. చివరికి ఆవిడ సంచీ విప్పి, సాసేజీ రెండు ముక్కలు చేసి, ఒకటి నాకిచ్చింది.

"తిను. నీకు మేమంటే గిట్టదని తెలుసు, కానీ ఆకలి ఆకలే కదా," అంది.

నేను బిత్తరపోయాను. "మీరే కదండీ నన్ను పలకరించనిది," అన్నాను.

"నేనా? వచ్చినదానివి నువ్వు. ఎప్పుడొచ్చి తలుపు తడతావోనని అక్టోబరు నుంచి చూస్తున్నాం. కొత్తగా వచ్చినవాళ్లు ఇల్లిల్లూ వెళ్లి తామెవరో చెప్పుకోవాలి. ఆ తరవాత మేం వస్తాం. చెప్పా పెట్టకుండా మేమే మీద పడితే ఎంత అసహ్యంగా ఉంటుంది? నువ్వేమో తలుపుకు చీటీ అంటించి రాణీ గారిలా లోపల కూర్చున్నావు. గోడ అవతల నుంచి నీ పాట వినిపించినప్పుడల్లా మా అక్క అడిగేది, ఈ పిల్లకు మనమంటే అంత చులకనేమిటని."

పెద్దమ్మా, ఆవిడ కూడా గోడకు చెవి పెట్టి వింటోందట.

తిరిగి రాగానే తొడుగులు వేసుకుని బయల్దేరాను. మూడు ఇళ్లలో కుర్చీ అంచున కూర్చున్నాను. చలి గురించి ఒక మాట, చర్చి గురించి ఒక మాట, లేచి రావడం. నేను వెళ్లిన మర్నాడే వాళ్లు వచ్చారు. ఆ గురువారం నోవాక్ గారికి కేకు మిగల్లేదు, మొహం మాడ్చుకుంది. ప్రాట్ గారికి పరిగెత్తుకెళ్లి చెప్పాను. ఆవిడ మొత్తం విని, "తొమ్మిదేళ్లు కూర్చున్నాక ఇప్పుడు నేను వెళ్లడమా?" అంది. మంగళవారం కేకు కోసుకుంటోంది పాపం.

ఆదివారం పాడాను. పై స్వరం అందుకున్నాను.  తరవాత ఒక మేజరు గారు, అమెరికాలో మా ఊరి వీధుల్లో పులులు తిరుగుతాయా అని అడిగాడు. వచ్చే శీతాకాలానికి రెండు ఇళ్ల నుంచి పిలుపులు వచ్చాయి. ఈ సంగతి నాన్నకు నువ్వే చెప్పు, ఆయన మొహం చూసి నాకు రాయి.

ఇక్కడిదాకా రాసి మడవబోతుంటే నీ ఏడో తారీకు ఉత్తరం వచ్చింది. చదివి మళ్లీ కలం తీశాను.

పెద్దమ్మా, జైడ్లర్ గారు ఇల్లు చూసుకోవడానికి రాలేదు. వాళ్ల ఊరి పద్ధతిలో మర్యాద చేయడానికి వచ్చింది. టోపీ, తొడుగులు, పేరు కార్డు, కుర్చీ అంచు. ఇంకేమీ కాదు, నేను కిందటి వారం చేసిందే. నా తలుపు మీది చీటీ లాంటిదే ఆవిడ బుధవారం కూడా. నేను నీ ఉత్తరాలు చదివి నవ్వాను. ఇక్కడ ఏ సంగతికి ఏడ్చానో, అక్కడ అదే సంగతికి నవ్వాను.

రేపే కదిలే ఓడకు ఈ ఉత్తరం వేస్తున్నాను. అందిన రోజే వెళ్లు. పై రొట్టె చేయడానికి కూడా ఆగకు.

నీ విన్నీ

ఆల్డర్ ఫాల్స్,
1898 మార్చి 14, సోమవారం

చిరంజీవి విన్నీకి,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. సగం చదివి గర్వపడ్డాను. తక్కిన సగం చదివి టోపీ పెట్టుకున్నాను. పై రొట్టె చేయలేదు.

పసుపు ఇంటికి తాళం వేసి ఉంది. ఆ ముందు శనివారమే వెళ్లిపోయారు. మిల్వాకీ నగరంలో వాళ్ల భాష మాట్లాడేవాళ్లు ఎక్కువట, అక్కడ ఆయన వేరే పని చూసుకున్నాడు. నోరా లోపల నేల కడుగుతోంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆ ఇంటి గుమ్మం తొక్కడం నాకదే మొదటిసారి.

"ఎలాంటి మనుషులే నోరా వాళ్లు?" అని అడిగాను.

"మంచోళ్లమ్మా. బుధవారం వస్తే నాకు పండగే. పొద్దున్నే కేకు చేసేది. మంచి కప్పులన్నీ తీసి బల్ల మీద వరసగా పెట్టేది. మధ్యాహ్నం నుంచి కిటికీ దగ్గరే కూర్చునేది. చీకటి పడ్డాక నన్ను పిలిచి, 'నోరా, ఈ కేకు పిల్లలకు పట్టుకెళ్లు' అనేది. ప్రతి వారం అంతే. బిడ్డ పుట్టిన వారం కూడా, లేవలేకపోయినా, మంచం కిటికీ పక్కకి జరిపించుకుని కప్పులు పెట్టించింది. ఈ వారం తప్పకుండా వస్తారంది, బిడ్డ పుట్టింది కదా అంది."

నేను ఆ గేటు దాకా వెళ్లిన రోజు ఏ వారమో లెక్క చూసుకున్నాను విన్నీ. బుధవారమే. ఆవిడ కిటికీలోంచి నన్ను చూసే ఉంటుంది. గిన్నె పట్టుకుని రావడం చూసి ఉంటుంది, తిరిగి వెళ్లడం కూడా చూసి ఉంటుంది.

నీకోసం ఆ కర్నల్ భార్యను ఎన్ని తిట్టానో నీ దగ్గర రాతలోనే ఉంది. తిట్లన్నీ సరిగ్గానే ఉన్నాయి, పంపిన చిరునామానే తప్పు.

కుట్టుపనిలో నీ ఉత్తరం పూర్తిగా చదివాను, ఏదీ వదల్లేదు. ఈసారి మిసెస్ కాబ్ కళ్లు తుడుచుకోలేదు. "ఇప్పుడు వెళ్లిపోయారుగా, ఇంకేం చేస్తాం," అంది. అందరూ తలలూపారు. ఆ తల ఊపడం నేను నేర్పిందే.

మీ నాన్నకు చెప్పాను. ఓడలో చోటు రద్దు చేశాడు. పొయ్యి వైపు తిరిగి, "పై స్వరం అందుకుందా?" అని మాత్రం అడిగాడు. అందుకుందని చెప్పాను.

కర్మాగారంలో అడిగి మిల్వాకీ ఇంటి చిరునామా తీసుకున్నాను. మన పక్కనున్న బర్లింగ్టన్ దాటి నేను ఎరగనని నీకు తెలుసు. పెట్టె సర్ది గుమ్మంలో పెట్టాను. కాసేపట్లో బండి వస్తుంది. ఎల్లుండి, బుధవారం మధ్యాహ్నానికి చేరే రైలు చూసుకున్నాను. తొడుగులు తీయను, కుర్చీ అంచున కూర్చుంటాను, చలి గురించి ఒక మాట చెబుతాను. ఆ తరవాత ఏం చెప్పాలో ఇంకా తెలియలేదు, దారిలో ఆలోచిస్తాను. ఆవిడ తలుపు తీయకపోవచ్చు కూడా. తీయకపోతే మళ్లీ గురువారం తడతాను.

అక్కడ ఊరికి కొత్తదాన్ని నేనే కదా.

నీ పెద్దమ్మ తబితా